పసుపు గడి కనబడలేదు

వీధిలో పెద్దాచిన్నా అందరికీ ఆమె స్టూడియో అక్క. అరవై దాటినా ఆ పిలుపు మారలేదు. ముందు గదిలో తమ్ముడు కంప్యూటరు పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు. వెనక గది అక్కది. అందులో నల్ల తెర, రెండు దీపాలు, ఒక బెంచీ, గోడ అలమరలో తండ్రి వాడిన మడత కెమెరా. పక్కనున్న బొత్తాం నొక్కితే దాని తలుపు తెరుచుకుని, తోలు తిత్తి సాగి, లెన్సు ముందుకొచ్చి నిలబడుతుంది. ఫిల్ము మీద పెద్ద పెద్ద చదరపు బొమ్మలు పడతాయి. ఫోనులో వేల ఫోటోలున్నవాళ్లు కూడా, గోడకు పెట్టుకోవడానికి ఒక్కటైనా ఆ కెమెరాతో తీయమని వస్తుంటారు.

కెమెరా నెత్తిన చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే సరిగ్గా నడుమ ఒక పసుపు గడి, ఆ గడిలో ఎదుటి మనిషి ఇంకోసారి, కాస్త పక్కకు జరిగి కనిపిస్తాడు. చక్రం తిప్పి ఆ ఇద్దరినీ ఒకటి చేస్తే, మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చక్రమే చెబుతుంది. ఆ అంకెను లెన్సు చుట్టూ ఉన్న పట్టీ మీద మళ్లీ పెట్టాలి. పెట్టకపోతే ముఖాలు అలుక్కుపోతాయి. అక్క ఎప్పుడూ మరిచిపోలేదు. ఏళ్ల తరబడి ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూడడం వల్ల, ఆ ఎడమ కంటి చుట్టూనే ముడతలెక్కువ.

"అక్క మాకు కన్ను కొడుతోందర్రా" అని కుర్రకారు ఏడిపిస్తే, "కొడితే పడేవాడు ఒక్కడన్నా ఉన్నాడట్రా మీలో?" అనేది చక్రం తిప్పుతూనే.

ఆ రోజు బెంచీ మీద టైలరు, అతని భార్య కూర్చున్నారు. కొత్తగా సొంత దుకాణం తెరిచారు. అక్క కెమెరా కంటికి ఆనించింది. పసుపు గడి లేదు. అది ఉండాల్సిన చోట తడి వేలితో రుద్దినట్టు బూడిదరంగు మరక. చక్రం ఇటూ అటూ తిప్పింది. కిటికీ అద్దం తుడిచి మళ్లీ చూసింది. మరక అక్కడే ఉంది.

"ఏరా, దీన్నెవరు ముట్టుకున్నారు?"

"ఎవరు ముట్టుకుంటారక్కా? దానికి కాపలాగా నీ నోరుందిగా" అన్నాడు తమ్ముడు ముందు గదిలోంచి.

"వేళాకోళం కాదు. చెప్పు."

తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. "దుమ్ము పట్టిందని మొన్న పైమూత తీసి కుంచెతో విదిల్చాను. అంతే."

"లోపలి అద్దం మీద కూడానా?"

"కాస్త తగిలిందేమో" అన్నాడు అతను. అక్కకు అది చాలింది.

పసుపు గడిని చూపించేది ఆ లోపలి అద్దమే. దాని మీద పల్చని పూత ఉంటుంది. పాత కెమెరాల్లో గుడ్డ తగిలినా లేచిపోతుంది. పూత పోతే గడీ పోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే కాబట్టి అక్క ఇంకేమీ ఆలోచించలేదు.

"మెత్తటి కుంచే అక్కా!"

"నీ బుర్ర మెత్తన. నాన్న చేతి వస్తువు గుడ్డిదాన్ని చేశావు కదరా!"

టైలరు దంపతులను పంపించేసింది. కెమెరాలు బాగుచేసే ముసలాయనకు ఫోను చేసి, పాడైన పాత కెమెరా ఏదైనా దొరికితే అందులోంచి అద్దం తీసి పెట్టమంది. ఆయనను ఆమె చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది. అద్దం దొరకడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ తమ్ముడితో మాట్లాడలేదు. వంట, లెక్కలు, కొట్టు తాళాలు, రెండు కళ్లూ తెరిచి చేసే పనులన్నీ ఎప్పటిలాగే సాగిపోయాయి.

బాబాయ్ కబురు పంపాక, తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. చేసిన పాడు పని వాడి కళ్లకు చూపించాలని ఆమె పట్టుదల. బాబాయ్ పైమూత విప్పి, భూతద్దం పెట్టి చూశాడు. కెమెరా ఎత్తి వీధిలోకి చూశాడు.

"దీనికేం రోగమమ్మాయ్? పూత నిక్షేపంలా ఉంది. అదుగో, ఎదురు గోడకి ఆనించిన నిచ్చెన. రెండు నిచ్చెనలూ చక్కగా కలిశాయి."

"నీకు చత్వారం బాబాయ్."

"చత్వారం దగ్గరవాటికి. నిచ్చెనకి కాదు. ఇదుగో అబ్బాయ్, నువ్వు చూడు."

తమ్ముడు భయపడుతూనే కెమెరా అందుకున్నాడు. "గడి ఉందక్కా. పసుపుగానే ఉంది."

"ఇద్దరూ కూడబలుక్కున్నారా?" కెమెరా లాక్కుని చూసింది. బూడిద మరక. "ఎక్కడుందిరా? ఏదీ, ఎక్కడ?"

బాబాయ్ ముఖంలో హాస్యం పోయింది. "అమ్మాయ్, రెండో కన్ను పెట్టు."

"నాకా కంటితో రాదు."

"ఒక్కసారి పెట్టు తల్లీ."

పెట్టింది. నడుమ పసుపు గడి, గడిలో నిచ్చెన మెట్లు.

అక్క కెమెరా బల్ల మీద పెట్టేసింది. ఎడమ కంటిని అరచేత్తో మూసి తమ్ముడి వైపు చూసింది. జుట్టు ఉంది. చొక్కా కాలరు ఉంది, జేబులో కలం ఉంది. వాటి నడుమ ముఖం లేదు. చీకటిగా కూడా లేదు. అక్కడ ఏమీ లేదు. చెయ్యి తీసింది, తమ్ముడు ఉన్నాడు. మూసింది, లేడు.

"అక్కా, ఏమైంది? అలా చూస్తావేంటి?" ముఖం లేని చోటు నుంచే మాట వచ్చింది.

బాబాయ్ కుర్చీ లాగి ఆమె వెనక పెట్టాడు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది. "ఇది ఎప్పుడు మొదలైంది?"

"నిన్నే తెలిసిందండీ" అన్నాడు తమ్ముడు గబుక్కున.

"అబద్ధమమ్మా. మూడు వారాలైంది. కెమెరా పాడు చేశాడని వీడి మీద పడి ఏడుస్తూ కూర్చున్నాను."

డాక్టరమ్మ దీపం ఆర్పింది. "కంటి వెనక పొరలో, నడుమ రక్తం కారింది. మొదట్లోనే వచ్చుంటే సూదిమందుతో చాలావరకు నిలిపేవాళ్లం. ఇప్పుడు పోయిన చూపు రాదమ్మా. ఎడమది ఈరోజుకి బాగుంది. కానీ దానికీ రావచ్చు. ఏ కొంచెం తేడా కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకండి. వెంటనే రండి."

బయటికొచ్చాక అక్క మెట్ల మీద ఆగిపోయింది. "తిట్టరా నన్ను."

"ఏమని తిట్టను?"

"ఏదో ఒకటి."

"కెమెరాకి ముందు నిన్ను రిపేరుకివ్వాల్సింది" అన్నాడు. నవ్వించాలని అన్నదే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

తర్వాతి వారం టైలరు దంపతులు మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. అక్క కెమెరాను ఎడమ కంటికి ఆనించింది. ముక్కు అడ్డొచ్చింది, చక్రం ఒక పట్టాన వేలికి అందలేదు. అయినా గడిలోని టైలరు మెల్లగా జరిగి టైలరులో కలిశాడు.

"ఎనిమిది అడుగులు" అంది. ఆగి, కెమెరా తమ్ముడికి అందించింది. "నువ్వూ చూసి చెప్పు."

తమ్ముడు చెయ్యి చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు. చక్రం తిప్పాడు, మళ్లీ తిప్పాడు. "నాకు పది వస్తోందక్కా."

టైలరే లేచి, మెడలోని టేపు తీసి, తను కూర్చున్న చోటి నుంచి ఆమె నిలబడ్డ చోటి దాకా పరిచాడు. ఐదడుగుల టేపు సరిగ్గా రెండు పట్లు పట్టింది.

"కొత్త కన్ను కదక్కా" అన్నాడు తమ్ముడు. "అలవాటు లేక తేడా వచ్చుంటుంది. రెండు రోజులు పోతే..."

"అయ్యుండొచ్చు" అంది అక్క. అప్పటికే లెన్సు పట్టీని చివరి గీతకు తిప్పి, తిత్తి మడిచి, కెమెరా తలుపు మూసేసింది. "మీరు ఏమీ అనుకోకండమ్మా, రేపు రండి" అంది బెంచీ వైపు తిరిగి.

చెప్పులు వేసుకుంటూ తమ్ముణ్ణి కేకేసింది.

"ఇంకా చూస్తావేంట్రా? ఆసుపత్రి మూసేలోపు వెళ్లాలి. బండి తియ్యి."