చీటీ పెట్టనిదే కదలని బావ

మా బావ చీటీ పెట్టనిదే ఏ సంగతీ మధ్యలో వదలడు. పుస్తకంలో చీటీ పెట్టడం అందరూ చేసేదే. ఆయన మాటల్లో కూడా పెడతాడు. ఆయన పని పుస్తకాలు బైండు చేయడం. అంచులు కత్తిరించగా మిగిలిన కాగితం ముక్కలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో గుప్పెడుంటాయి. మీరేదో చెబుతుండగా మీ బస్సు వచ్చిందనుకోండి, ఒక ముక్క తీసి "పాలాయన – కుక్క తరిమింది" అని రాసుకుంటాడు. పదిహేను రోజుల తరవాత ఎదురుపడితే బాగున్నారా అని అడగడు. "ఊఁ, కుక్క తరిమింది. తరవాత?" అంటాడు.

మా అక్కతో పోట్లాటకూ ఇదే పద్ధతి. మధ్యలో పాలు పొంగితే చీటీ రాసుకుని, వెళ్ళి పాలు దించి వచ్చి, ఆపిన మాట నుంచే అందుకుంటాడు. "ఈయనతో ఒక్క పోట్లాటైనా చల్లారదురా" అని అక్క నా దగ్గర వాపోతుంది.

జ్ఞాపకశక్తి లేనివాళ్ళకే ఈ అవస్థలని నా అభిప్రాయం. నాకా బెడద లేదు. పల్లెటూరి బడిలో నేల మీద కూర్చుని చదివి, ఎనిమిదో తరగతిలో చుట్టుపక్కల పదకొండు బడులకూ మొదటివాడిగా నిలిచి, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు చేతుల మీదుగా నిఘంటువు బహుమతి అందుకున్నవాణ్ణి. పాఠక సంఘం అధ్యక్షుడిగా ముప్పై తొమ్మిది సభలు నడిపాను. ఒక్కదాంట్లోనూ కాగితం చూసి మాట్లాడలేదు. బావ మాత్రం ఆ నిఘంటువు సంగతి ప్రతి వారం మరిచిపోయి, ఆదివారం రాగానే "ఆ బహుమతి కథేమిటి అధ్యక్షా?" అని అడుగుతాడు. పాపమనిపించి ఓపిగ్గా మొదటి నుంచీ చెబుతుంటాను.

నా నలభయ్యో సభ మా లైబ్రరీలో జరిగింది. కంప్యూటరు కథలు రాసే ఒకమ్మాయి తన కథ చదువుతుంది, ఆ తరవాత చర్చ. ఆ కథకు పేజీలుండవు. తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి, కింద రెండు దారులుంటాయి. ఏ దారిన పోవాలో సభ చెప్పాలి. జనం చివరిదాకా కూర్చుంటే ఆ కథను లైబ్రరీ కంప్యూటర్లో అందరికీ అందుబాటులో ఉంచుతానని, లేచిపోతే మాత్రం కుదరదని లైబ్రేరియనమ్మ ముందే తేల్చి చెప్పింది. అప్పటికే రెండు లైబ్రరీలు వద్దన్నాయట. 

కథలో ఒకమ్మాయికి బస్సులో తాళంచెవి దొరుకుతుంది. అదెవరిదో కనుక్కోవాలి. కండక్టర్ని అడగాలా, దిగిపోవాలా అన్న దగ్గరే సభ రెండు పార్టీలైంది. దిగమని వెనక వరస నర్సు పట్టుబట్టింది. తాళాల మేస్త్రీని అడిగితే తేలిపోయేదానికి పిల్లని ఊరంతా తిప్పుతున్నారని వడ్రంగి విసుక్కున్నాడు. విసుక్కుంటూనే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఇంతలో బావ చెయ్యెత్తాడు. "అమ్మా, ఇక్కడాపి రేపు చదవాలంటే చీటీ ఎక్కడ పెట్టాలి?"

"పెట్టలేరండీ. మళ్ళీ మొదటి నుంచి రావాల్సిందే. జీవితమూ అంతే కదా అని కావాలనే అలా రాశాను."

"జీవితానికి లేకపోతే పోయె, మనమన్నా పెట్టొద్దూ?" అని గొణిగి కూర్చున్నాడు.

పదిహేడో మలుపులో ఆ తాళంచెవి ఒక తలుపుకి సరిపోయింది. తియ్యాలా, వద్దా? తియ్యాలని సభంతా ఒక్కమాట మీద నిలబడింది. అంత ముఖ్యమైన మీట అధ్యక్షుడు నొక్కడం సముచితమని లేచి వెళ్ళి నొక్కాను. నొక్కవలసింది అది కాదట. తెర తెల్లబడి, "ఆమె బస్సెక్కింది" అని మొదటి వాక్యం వచ్చింది.

ఏయే దారుల్లో వచ్చామో ఎవరికీ వరసగా గుర్తులేదు. నర్సు ఎడమ వీధి అంటే వడ్రంగి మేడ మీదికి అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ముప్పై తొమ్మిది సభల జ్ఞాపకశక్తి సరిగ్గా అప్పుడే ఎక్కడికో పెత్తనానికి వెళ్ళింది. కుర్చీలు కదిలాయి. ఒకరిద్దరు గొడుగులు అందుకున్నారు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

"కూర్చోండి, కూర్చోండి. దుకాణం ఇంకా కట్టెయ్యలేదు" అంటూ బావ వేదికెక్కి, జేబు మొత్తం బల్ల మీద బోర్లించాడు. "ఒకటి. కండక్టర్ని అడగలేదు, దిగిపోయింది. రెండు. గొడుగు బస్సులో వదిలేసింది."

ఆయన చదువుతుంటే అమ్మాయి నొక్కుకుంటూ పోయింది. పదో చీటీకి జనం కూడా గొంతు కలిపారు. పదిహేడో చీటీ వచ్చేసరికి నన్ను బల్లకి ఆరడుగుల దూరంలో నిలబెట్టారు. తలుపు తెరుచుకుంది. లోపల తాళంచెవి పోగొట్టుకున్న పెద్దాయన, దుప్పట్లు ముడేసుకుని కిటికీలోంచి దిగబోతున్నాడు. సభ విరగబడి నవ్వింది. చర్చ ముగిసేదాకా ఒక్కరూ లేవలేదు. లైబ్రేరియనమ్మ అక్కడికక్కడే సరేనంది.

తరవాత ఆ అమ్మాయి చీటీలు ఏరుతూ ఆగింది. "ఇది నా కథలోది కాదండీ. టైలరు. మంగళవారం. దొంగ గోడెక్కాడు."

బావ నేల చూపులు చూశాడు. సభకొచ్చిన మా అక్కే చెప్పింది. టైలరు పక్షవాతంతో మంచాన పడ్డాడు. బావ వారం వారం వెళ్ళి కథ చెబుతూ, మంచి పట్టులో ఆపి, చీటీ చూపించి వస్తాడు. "మొత్తం చెప్పేస్తే వచ్చే మంగళవారం దేనికోసం చూస్తాడే?" అంటాడట. దొంగ గోడెక్కి మూడు నెలలైంది. ఇంకా దిగలేదు.

ఆ అమ్మాయి ఒక ఖాళీ చీటీ అడిగి తీసుకుని, తన కథలో దానికి చోటు పెడతానంది.

నా చెప్పు కింద మరో చీటీ ఉంది. తీసి చూశాను. "అధ్యక్షుడు. ఆదివారం. నిఘంటువు బహుమతి. డెబ్భైమూడోసారి. మరిచిపోయినట్టు అడగాలి."

మడిచి నా జేబులోనే వేసుకున్నాను.

ఆదివారం బావ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "ఆ బహుమతి కథేమిటి అధ్యక్షా?"

మొదటి నుంచీ చెప్పాను. పదకొండు బడులూ చెప్పాను. ఇన్‌స్పెక్టరు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, నా పేరు పిలవడానికి నోరు తెరిచేదాకా వచ్చి ఆపేశాను.

"మిగతాది వచ్చే వారం" అన్నాను.

బావ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, జేబు తడుముకున్నాడు.