అమ్మ పారబోసిన కరక్కాయ నీళ్ళు

మా చిన్నప్పుడు... హనుమాన్ జంక్షన్ పక్క పల్లెలో మా డాబా గోడలకి పూత పని మొదలవబోతోంది. నడి వేసవి. సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులు కాబట్టి గానుగలో నూరిన సున్నమే గతి. అందులో కలపడానికి ఏసోబు మేస్త్రి గారు కరక్కాయలు, బెల్లం వారం రోజులు వాళ్ళింట్లో నానబెట్టి, ముందురోజు సాయంత్రం ఆ కుండని మా పెరట్లో దించి వెళ్ళారు. అదీ ఎక్కడ... సరిగ్గా గేదెల కుడితి కుండ పక్కన!

ఆ వాసన ఉందే... చెప్పనలవి కాదు. మా అమ్మకేమో శుభ్రం పిచ్చి. కుడితి పాడైపోయిందనుకుని, తెల్లారగానే కుండ కాస్తా పెంటకుప్ప మీద బోర్లించేసింది. ఊరుకుందా? తోమి ఎండలో పెట్టింది కూడా!

మేస్త్రి గారు వచ్చి చూసి అరుగు మీద కూలబడిపోయారు.

"ఆ నీళ్ళు లేకపోతే సున్నంలో తడి నిలవదమ్మగారూ... ఈ వడగాలికి సాయంత్రానికల్లా గోడంతా నెర్రెలిచ్చేస్తది. పోయినేడు ఒకళ్ళింట్లో అట్టాగే అయ్యి, ఇప్పటిదాకా నాకెవరూ పని చెప్పలేదండీ. మళ్ళీ నానేద్దామంటే వారం. నూరిన సున్నం అన్నాళ్ళు ఆగదు."

అమ్మ పెరట్లో బెండ మొక్కల వైపు చూస్తూ మెల్లిగా అంది.

"మా పుట్టింట్లో బెల్లం వండేటప్పుడు మడ్డి తేలడానికి బెండ కాడలు దంచి ఆ జిగురు పోస్తారండీ. చేతికంటితే ఓ పట్టాన ఆరి చావదు. అదేమన్నా పనికొస్తదేమో..."

అంత బాధలోనూ మేస్త్రి గారికి నవ్వొచ్చింది. "గోడకి బెండకాయ పులుసా అమ్మగారూ!"

అమ్మ వినలేదు. పెరట్లో బెండ మొక్కలన్నీ పీకి, ముదురు కాయలతో సహా రోట్లో దంచి, నీళ్ళలో పిసికి గుడ్డలో వడకట్టింది. మేస్త్రి గారు ముందు పడమటి గోడకి చాపంత మేర మాత్రం పూశారు. ఆ రోజంతా అమ్మ అన్నం ముట్టలేదు... ఎన్నిసార్లు వెళ్ళి ఆ గోడని చూసొచ్చిందో!

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి గారు పూసిన మేరంతా అరచేత్తో తడిమారు. వెంట్రుకంత పగులు లేదు!

"నన్ను బతికించారమ్మా" అన్నారు. అమ్మ అప్పుడు ఏడ్చింది.

మా గోడలన్నీ ఆ జిగురుతోనే పూర్తిచేశారు. ఆ తర్వాత ఆయన ఏ ఊళ్ళో పని పట్టినా "ఇది సీతారావమ్మ గారి జిగురండీ" అని మా అమ్మ పేరు చెప్పి మరీ కలిపేవారట. తన తెలివే అని చెప్పుకుంటే కాదనేవాళ్ళెవరు? అయినా చెప్పుకోలేదు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు తడి నిలిపే పొడి పూత సిమెంటు బస్తాలోనే కలిసి వస్తోంది... అదీ మొక్కల పీచు నుంచి తీసిందేనట. మంచిదే, పని తేలికైంది. కానీ బస్తా మీద కంపెనీ పేరే ఉంటుంది. మా అమ్మ పేరు చెప్పేవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

మీ ఇంటి గోడల్లో ఏం కలిపారో, ఎవరు నేర్పారో గుర్తుందా? కింద రాయండి... వాళ్ళ పేరుతో సహా.