గార్డు సాబు రికార్డుకు పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు. ఇంట్లో మా పెద్దబాపు ఉండగా ఇంకా దయ్యాలతో పనేముంది? ఆయన మా నాన్నకు అన్న. హన్మకొండ చౌరస్తా దగ్గర ఆయనకు మైకు సెట్టు దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు, ఎలక్షన్ మీటింగులకు మైకులూ, పాటలు పెట్టే మిషనూ, రికార్డులూ కిరాయికి ఇచ్చేవాడు. ఆరడుగుల మనిషి. ఆయన గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. దుకాణంలో దగ్గితే బయట పడుకున్న కుక్క లేచి అవతలికి పోయేది. నన్ను ఒక్కనాడూ కొట్టలేదు, ఆ మాట చెప్పాలి. కొట్టని మనిషంటే నాకంత వణుకెందుకో ఇప్పటికీ తెలియదు.

అంత వణుకున్నా బడి వదలగానే నా కాళ్లు ఆ దుకాణానికే పోయేవి. అప్పటికి నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. రికార్డుల కవర్ల మీద దుమ్ము తుడవడం నా పని. తుడుస్తూ ఎన్ని పాటలైనా వినొచ్చు. ఆడపిల్లకు దుకాణంలో ఏం పనని మా అమ్మ గొణిగితే, పెద్దబాపే అడ్డం పడేవాడు. "రానియ్ తియ్, దానికి చెవులున్నయ్" అనేవాడు. ఆ ఒక్క మాటకు నేను నెలరోజులు నేల మీద నడవలేదు. నాకు ఆ దుకాణం లేకపోతే ఇంకేమీ లేదు. బడిలో మార్కులు వచ్చేవి కావు, ఇంటిపనిలో చెయ్యి తిరిగేది కాదు. పాటలు వినడం ఒక్కటే వచ్చు.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. అందరూ గార్డు సాబు అనేవారు. గూడ్సు బండ్ల వెనక జెండా ఊపుతూ జుట్టు నెరిసిపోయిన మనిషి. ఆ సంవత్సరం దసరా దాటిన రెండో రోజు సాయంత్రం ఆయనకు రైల్వే హాల్లో రిటైర్మెంటు సన్మానం. మైకు సెట్టు మాదే. పండుగకు వారం ముందు ఆయన సైకిలు మీద వచ్చి, గుడ్డలో చుట్టిన ఒక పెద్ద రికార్డును మా పెద్దబాపు చేతిలో పెట్టాడు. కవరు మీద కళ్లు మూసుకున్న ఒక నల్లని మనిషి, ఆయన నోట్లో వంకర తిరిగిన ఇత్తడి బూర. జాజ్ అనే మాట నేను మొదట విన్నది అప్పుడే. ఎప్పుడో కలకత్తాలో కొన్నాడట. ఇంకొకటి దొరకదట. హాల్లో తనకు దండ వేసేటప్పుడు మొదటి వైపు మొదటి పాట పెట్టాలని ఆయన కోరిక.

ఆయన పోయాక పెద్దబాపు దాన్ని ఒకసారి వేసి చూశాడు. పాడేవాడు ఎప్పుడు మొదలుపెడతాడా అని నేను ఎదురు చూస్తూ కూర్చున్నాను. పాడేవాడు రానే రాలేదు. ఎవరో చీపురుతో డోలు మీద మెల్లగా ఊడుస్తున్నట్టు ఒక చప్పుడు, దాని మీద ఆ బూర. తాళం ఇక్కడ పడుతుందనుకుంటే అక్కడ పడేది. మొదట ఇదేం పాట అనుకున్నాను. తర్వాత నాకు తెలియకుండానే చేతిలోని గుడ్డ కింద పెట్టేశాను. పాట అయిపోయాక పెద్దబాపు ముల్లును మెల్లగా ఎత్తాడు. రికార్డును కవర్లో పెట్టి, అలమరలో పైన ఉంచి, నా వైపూ, దుకాణంలో పనిచేసే పిల్లల వైపూ తిరిగాడు.

"గిది మనది కాదు. దీని మీద ఎవ్వల చెయ్యి వడ్డా, ఆ చెయ్యి మళ్ల నా దుకాణంల కనబడొద్దు. సమజైందా?"

నాకు బాగా సమజైంది.

దసరా నాడు దుకాణంలో పూజ. మా వాళ్లలో పనిముట్లకు బొట్టు పెట్టకుండా పండుగ లేదు. ఆంప్లిఫయరుకు, హారన్లకు, పాటల మిషనుకు, చివరికి స్క్రూడ్రైవరుకు కూడా పసుపూ కుంకుమా పెడతారు. రికార్డులకైతే నడుమనున్న కాగితం మీద ఒక్కో బొట్టు. ఆ ఏడాది పెద్దబాపు పసుపు కుంకుమల పళ్లెం నా చేతికిచ్చి, "అన్నిటికి వెట్టు బిడ్డా, ఒక్కటి ఇడువకు" అని కొబ్బరికాయలు తేవడానికి పోయాడు.

ఒక్కటీ విడవకూడదు కదా! ముట్టొద్దన్నది మామూలు రోజుల్లో, పూజకు కాదు కదా! అలమరలో పైనున్నదాన్ని వదిలేస్తే దానికి కీడు కదా! స్టూలెక్కి రికార్డు దించాను. నడిమి కాగితం మీద గార్డు సాబు సిరాతో తన పేరు రాసుకున్నాడు. బొట్టు పెడితే పేరు చెరిగిపోతుందని నాకు భలే తెలివి పుట్టింది. అందుకని ఆ నల్లటి మెరుపు మీదే, మూడు చోట్ల, ముద్దలా తడిపిన పసుపు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, దండం పెట్టుకుని, మళ్లీ కవర్లో దూర్చేశాను. ఎంత భక్తిగా చేశానో చెప్పలేను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మర్నాడు పొద్దున పెద్దబాపు పాటల మిషనుకు కొత్త ముల్లు బిగిస్తూ, పక్కన ఎవరితోనో అంటున్నాడు. "ఈ పెద్ద రికార్డుల గీతలు ఎంటిక కన్న సన్నముంటయ్. ఇంత దుమ్ము వడ్డా ఖతమే."

నా చేతులు చల్లబడ్డాయి. దుమ్ము పడితేనే ఖతమైతే పసుపు ముద్ద సంగతేమిటి?

ఆయన చాయ్‌కి పోగానే స్టూలెక్కాను. రికార్డు తీసి చూస్తే పసుపు ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఉమ్మి తడి చేసి రుద్దాను, పోలేదు. లంగా అంచుతో రుద్దాను, కుంకుమ పాకి ఇంకా పెద్దదైంది. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా పెద్దబాపే అనిపిస్తోంది. అప్పుడు జాకెట్టుకున్న పిన్నీసు తీసి, పసుపు పెచ్చు కింద దూర్చి గీకాను. పెచ్చు ఊడింది. దానితో పాటు సర్రుమని చిన్న చప్పుడు. ఒక తెల్లటి గీత, లోపలి నుంచి బయటికి, బెత్తెడు పొడవు.

దాన్ని కవర్లో పెట్టి, ఎక్కడిదక్కడ ఉంచి, ఇంటికి పరుగు తీశాను. వడ్ల గుమ్మి వెనక దూరి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. పెద్దమ్మ సకినాలు ఇస్తే వద్దన్నాను. సకినాలు వద్దన్న పిల్లను మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన పెద్దబాపుకు ఆమె ఆ మాటే చెప్పింది. ఆయన గుమ్మి దగ్గరికి వచ్చి, అంత మనిషి, కిందికి వంగి చూశాడు.

"ఏందే? జరమొచ్చిందా?"

ఏడుపు తన్నుకొచ్చింది. బొట్టు పెట్టానని చెప్పాను. ఏ రికార్డుకో చెప్పాను. పిన్నీసు మాట మాత్రం చెప్పలేదు.

అరుస్తాడనుకున్నాను, అరవలేదు. లేచి గబగబా దుకాణానికి పోయి రికార్డు తెచ్చాడు. పెద్దమ్మతో కుంకుడుకాయలు కొట్టించి నానబెట్టించాడు. పాత పట్టుచీరలు ఉతికినట్టే, ఆ నురుగులో మెత్తని ధోవతి ముక్క ముంచి, నడిమి కాగితం తడవకుండా అరచేయి అడ్డం పెట్టి, గీతల వెంబడే గుండ్రంగా తుడుస్తున్నాడు. ఆయన వేళ్లు వణుకుతున్నాయి. అది చూసి నాకు ఇంకా భయమేసింది. పెద్దబాపుకే భయమైతే ఇంక నాకు దిక్కెవరు? పసుపంతా పోయింది. కుంకుమ పోయింది. రికార్డు మళ్లీ నల్లగా మెరిసింది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఇంకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

"లేదు" అన్నాను.

"సరే. సైకిలెక్కు. గార్డు సాబుకు చెప్పొద్దాం."

హన్మకొండ నుంచి కాజీపేట ఎంత దూరమని! ఆ రోజు మాత్రం ఆ దారి తెగలేదు. వెనక క్యారియర్ మీద, గుడ్డలో చుట్టిన రికార్డు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా పెద్దబాపు వీపు. ఆయనకు తెలుసేమో అని ఒక భయం, తెలియదేమో అని ఇంకో భయం. తెలియకపోతే రేపు హాల్లో అందరి ముందు ముల్లు ఆ గీత మీద పడుతుంది. దూకి పారిపోదామా అని కూడా అనుకున్నాను.

గార్డు సాబు వరండాలో పెట్టెలు సర్దుకుంటున్నాడు. బొట్టు సంగతి నాతోనే చెప్పించాడు పెద్దబాపు. వినగానే సాబు ముందు తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వాడు. "అరే బేటీ, నా రికార్డుకు పూజ చేసింది ప్రపంచంల నువ్వు ఒక్కదానివే!" అన్నాడు. నవ్వుతూనే లోపలికి పిలిచి, తన మిషను మీద రికార్డు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

చీపురు చప్పుడు మొదలైంది. బూర అందుకుంది. సాబు వేళ్లు కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాయి. టక్. టక్. టక్. ముల్లు ఎగిరి వెనక్కి పడింది. బూర పలికిన ముక్కనే మళ్లీ పలికింది, మళ్లీ అదే ముక్క, మళ్లీ అదే. సాబు కళ్లు తెరిచాడు. ముల్లు ఎత్తలేదు. అర్థం కానట్టు మిషను వైపు చూస్తున్నాడు. నేను పెద్దబాపు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నన్ను పట్టించలేదు, కాపాడనూ లేదు. ఆ గదిలో అదే ముక్క తిరుగుతోంది, ఎవరూ ఆపడం లేదు.

"నేనే! పిన్నీసుతోని గీకిన! నేనే!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాబు లేచి ముల్లు ఎత్తాడు. ఈసారి నవ్వలేదు. గీత మీద వేలు పెట్టి తడిమాడు, చెక్కిలి తడిమినట్టు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఫరవాలేదు అనలేదు. నిజంగా ఫరవా ఉంది మరి. పోయింది పోయింది, తిరిగి రాదు. ఆ తర్వాత చాలాసేపటికి రికార్డు తిరగేసి, "రేపు రెండో వైపు పెడదాం" అన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, నా చేతిని పట్టుకుని, ముల్లు నాతోనే పెట్టించాడు. మర్నాడు హాల్లో దండ వేసేటప్పుడు ఆ రెండో వైపు పాటే మోగింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కోరుకున్న పాట అది కాదని ఆయనకూ, పెద్దబాపుకూ, నాకూ తెలుసు.

గీత సంగతి బయటపడిన ఆ సాయంత్రం, సాబు ఇంటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు సైకిలు మీద పెద్దబాపు నోరు విప్పాడు.

"కడిగినప్పుడే ఎర్కైంది నాకు. బొట్టుతోని అడ్డం గీత వడదు."

"మరి అప్పుడే ఎందుకనలే?"

"నేనంటే నువ్వు చెప్పినట్టెట్లైతది?" అని కాస్త దూరం తొక్కి, "బొట్టుతోని ఏం కాకపోవు బిడ్డా. అప్పుడే చెప్తే కుంకుడు నీళ్లతోని పోతుండె. నువ్వు దాచబట్టి గీత వడ్డది" అన్నాడు. ఇంకొంచెం దూరం పోయాక, "రేపు దుకాణానికి రా. పిన్నీసులు మాత్రం ఇంట్ల వెట్టి రా" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను చూడండి, ఇల్లు వచ్చేదాకా ఆపలేదు.

ఇప్పుడు నా మనవలు అలాంటి బూర పాటలు ఫోన్లో వింటారు. దానికి ముల్లూ లేదు, గీతా లేదు. నాకు డెబ్బై దాటాయి. మొన్న వానాకాలం బాత్రూంలో పడ్డాను. కోడలు పరుగెత్తుకొచ్చి లేపితే, కాలు జారిందమ్మా అన్నాను. అబద్ధం కాదు, జారింది. జారకముందు కళ్లు చీకట్లు కమ్మాయి, ఆ సంగతి మాత్రం మింగేశాను. చెబితే దవాఖాన అంటారు, స్కానింగులంటారు, ఒంటరిగా గుమ్మం దాటనివ్వరు. అన్నిటికీ మించి, అది ఏ జబ్బని బయటపడుతుందో అని భయం. మంచం మీద పడుకుని ఫ్యాను వైపు చూస్తూ గంటసేపు ఉన్నాను. చేతులు చల్లబడిపోయాయి.

తర్వాత కోడలిని పిలిచి, నా పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పకుండా దాచిందంతా చెప్పాను. గొంతు వణికింది. అరవై ఏళ్లలో నా పిరికితనం రవ్వంత కూడా తగ్గలేదు. వణుకుతూనే మిగిలిన సగం కూడా చెప్పేయడం మాత్రం నాకు వచ్చు.