నల్ల రంగు కింది ఇనుము

తెలంగాణ వచ్చిన తర్వాత ఒక వానాకాలం, కట్టంగూర్‌లో మా ఇంటి వెనక కొట్టంలో ఏళ్ల తరబడి పడివున్న మోటారు సైకిల్‌ను బాపు మళ్లీ బాగు చేయించుకున్నాడు. ఇంజను పని మెకానిక్ చేశాడు. రంగు మాత్రం బాపే వేశాడు. విప్పిన ప్రతి ముక్కకూ, చివరికి మరలు కూర్చునే చోటుకు కూడా, పూత మీద పూతగా నల్ల రంగు. ఆరబెట్టిన ఆ ముక్కలు అప్పుడే కడిగిన నేరేడు పండ్లలా మెరిసేవి.

ఆ ఆరాటమంతా హాలియాలో ఉండే మా మేనత్త కోసం. ఆమెకు చూపు పూర్తిగా పోయింది. వయసులో ఉన్నప్పుడు బాపు ఆ బండి మీదే అక్క ఇంటికి పోయేవాడు. కాలువ మలుపులో చప్పుడు వినగానే ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టేదట. ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలని ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతోంది.

కానీ బండి నల్లగొండ దాటేది కాదు. కొంతదూరం పోగానే హారన్ గొంతు బొంగురుపోయేది, హెడ్‌లైట్ పసుపు ముద్దలా మసకబారేది, ఆ తర్వాత ఇంజనే ఆగిపోయేది. ప్రతిసారీ ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చేవాళ్లం. మెకానిక్ కొత్త బ్యాటరీ వేశాడు. అదీ అలాగే ఖాళీ అయిపోయింది. ఇక దీన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసి, అక్క దగ్గరికి బస్సులో పోతానన్నాడు బాపు. అన్నాడే గాని, చాలాసేపు బండి పక్క నుంచి లేవలేదు.

పదో తరగతితో నా బడి ఆగింది గాని, నల్లగొండ గ్రంథాలయానికి పోవడం ఆగలేదు. కథలైపోతే చరిత్ర, చరిత్ర అయిపోతే వైద్యం, ఏది దొరికితే అది చదివాను. మోటారు వాహనాల మరమ్మతు మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. చదువుతుంటే నాకు హాలియా కాలువలే కనిపించాయి. ఇంజనుతో పాటు తిరిగే డైనమో కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ దాన్ని దాచుకుంటుంది. మధ్యలో కటౌట్ డబ్బా తూములా తెరుచుకుని కరెంటును లోపలికి వదులుతుంది. అయితే కాలువ నీళ్లకు లేని నియమం ఒకటి కరెంటుకు ఉంది: వెళ్లింది మళ్లీ బయల్దేరిన చోటికి రావాలి. ఇలాంటి బండ్లలో ఆ తిరుగుదారి తీగ కాదు, బండి ఇనుమే. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టుకుని, కిటికీ బయట వానను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మర్నాడు డైనమో తీగలు విప్పి, దానికే నేరుగా చిన్న బల్బు కలిపి ఇంజను నడిపించాను. బల్బు వెలిగింది. అంటే డైనమోలో లోపం లేదు. తీగలు మళ్లీ బిగించి, కటౌట్ డబ్బా నుంచి ఇంజనుకు ఒక తీగముక్క ఆనించి, బాపును రేజ్ చేయమన్నాను. బ్యాటరీ నిండుతోందో తరుగుతోందో చూపే ఆంపియర్ మీటరులో, ఎన్నడూ కుడికి రాని ముల్లు నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా కుడికి జరిగింది. తీగ తీస్తే పడిపోయింది.

“డబ్బా కింద రంగున్నది బాపు. కరెంటు తిరిగొచ్చే తోవ మూసుకపోయింది. గీకాలె.”

బాపు ఇంజను ఆపేశాడు. “గంత పానం పెట్టి వేస్తే, గదే అడ్డమొచ్చిందా?”

బయటికి కనిపించని చోటే గీకుతానని చెప్పాను. ఆయన నా చేతిలోంచి గరుకు కాగితం తీసుకున్నాడు.

“నువ్వు జరుగు. పుస్తకాలు పట్టే చెయ్యి, మొత్తం ఊడగొడ్తవు.”

డబ్బా కూర్చునే చోటా, బ్యాటరీ తీగ బిగించే చోటా తానే రుద్దాడు. రూపాయి బిళ్లంత తెల్లటి ఇనుము బయటపడింది. నల్ల పొడిని నోటితో ఊది, కంట్లో పడ్డట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే బయల్దేరాం. నల్లగొండ వెనక్కి పోయింది. చీకటి పడుతుంటే దీపం పలచబడలేదు. వరి పొలాల మీద తేమ గాలి, కాలువలో విరిగి విరిగి మాతోపాటే వస్తున్న వెలుగు. బాపు వెనక కూర్చుని, మేం కదలడం లేదేమో, దారే మా కిందినుంచి ప్రవహిస్తోందేమో అనుకున్నాను.

అత్తమ్మ అప్పటికే గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“బంద్ చెయ్యకు తమ్మీ. జర సేపు నడవనియ్.”

బాపు స్టాండు వేసి దిగాడు. ఆమె తడుముకుంటూ వచ్చి, అదురుతున్న ట్యాంకు మీద అరచెయ్యి పెట్టింది.

“బస్సుల వస్తే ముసలోనివయ్యి వచ్చెటోనివి” అంది.

బాపు నవ్వాడు. ఇద్దరూ అలా బండికి చెరోపక్క నిలబడి, చప్పుడును మించేలా గొంతులు పెంచి, ఎప్పటివో మాటలు మాట్లాడుకోసాగారు. ఇంజను నెమ్మదిగా తిరిగితే డైనమో చాలదు. ముల్లు ఎడమకు జారుతోంది, బ్యాటరీ తరుగుతోంది. చెయ్యి చాపి, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పి అలాగే పట్టుకున్నాను.