తెర వెనుక ఐసు

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నేనెరుగను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. చిత్రకళ చదివి నరసరావుపేటకు తిరిగి వచ్చిన ఏడాది, మండువేసవిలో, ఒక కళాశాల హాలులో ప్రదర్శనకు అవకాశం దొరికింది. ఐసు దిమ్మలతో హిమానీనదాన్ని చెక్కి, చూసేవారి కళ్లముందే కరిగిపోనివ్వాలనుకున్నాను. కరెంటు కోతలవల్ల ఊళ్లో ఐసుకు కరువు. ఫ్యాక్టరీలో ఉన్నదంతా నేనే తెచ్చుకున్నాను. చెక్కేటప్పుడు పగిలితే పనికొస్తాయని రెండు దిమ్మలను తెర వెనుక ఊకలో కప్పిపెట్టాను.

ప్రదర్శన నాటి ఉదయం మా పక్కింటి మెకానిక్ ఖాసిం బాబాయి రొప్పుతూ హాలులోకి వచ్చాడు.

"ఒరేయ్, ఐసంతా నువ్వే ఊడ్చుకొచ్చావంటగా! తెల్లారుజామున అమ్మ పోయిందిరా. ఫ్రీజరు పెట్టె యాడా దొరకలా. రెండు దిమ్మలియ్యి. మీ జుబేదత్త బెంగుళూరు నుంచి బస్సులో వస్తా ఉంది, అది వచ్చేదాకా అమ్మను ఉంచాల."

ఆ అమ్మే బీబమ్మ. నా పదో తరగతి పరీక్షలప్పుడు నెలంతా తన ఇంట్లో టీవీ పెట్టనివ్వని మనిషి.

"మిగల్లేదు బాబాయ్. అన్నీ చెక్కేశాను."

ఆయన నా మంచుకొండ వైపు చూశాడు.

"ఏందిరా ఇది? చానా బాగుందే. దీన్ని పగలగొట్టమని ఎట్టా అడిగేది? నీ చదువుగదా" అని వెళ్లిపోయాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఆయన మాటకు కాదు, నా నోటికి. అంత తేలికగా ఎలా వచ్చింది ఆ అబద్ధం? అప్పుడైనా వెనక్కి పిలవవచ్చు. వీధి మలుపు దాకా కనిపిస్తూనే ఉన్నాడు. పిలవలేదు.

ఎండకు ఇక ఆగదని, మధ్యాహ్నం నమాజు కాగానే పెద్దలు జనాజా లేపి ఖననానికి తీసుకెళ్లారు. వాళ్లలో ఆడవాళ్లు ఖబరస్తానుకు వెళ్లరు; తల్లి ముఖం చూసుకోవాలంటే ఇంట్లోనే చూసుకోవాలి. సరిగ్గా ఆ వేళకు నేను అతిథుల ముందు నిలబడి, పోతున్నదాన్ని చివరిసారి కళ్లారా చూసుకోమని చెబుతున్నాను. నా గొంతు వణికింది. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం నేను వీధిలోకి వచ్చేసరికి జుబేదత్త ఆటో దిగుతోంది. ఖాళీ మంచం చూసి ఆమె ఏడవలేదు. "ముఖం ఎట్టుంది? నిద్రపోయినట్టే ఉందా?" అని కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగింది. నన్నూ అడిగింది.

"అట్టాగే ఉంది అత్తా" అన్నాను. నేను ఆ ముఖం చూడనే లేదు.

భయమా అది? పరువు కోసమా? నాకు సమాధానాలు చాలా తట్టాయి. అన్నీ నన్ను కొంచెం మంచివాణ్ణిగా చూపేవే, అందుకే ఒక్కటీ నమ్మలేదు. ఎన్నడూ కంటితో చూడని మంచు కోసం అంత దుఃఖపడగలిగినవాడు, పక్కింటి చావుకు రెండు దిమ్మలు ఎలా దాచగలిగాడు?

ఖాసిం బాబాయి నేటికీ తన షెడ్డుకు వచ్చినవారికి నన్ను గొప్పగా చూపిస్తాడు. ఆయనకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగినది కాదు.

ఐసు ఉంది. నేను లేదన్నాను.

రాశాను. ఒక్క ఊపిరి నిండుగా అందింది. అంతే.