రష్యా కారులో నాయిన

ఆ కారును నేను మొదట చూసింది దోహాలో, సముద్రం ఒడ్డున కార్నిష్ రోడ్డు పక్కన, పాత కార్ల ప్రదర్శనలో. చలికాలం, శుక్రవారం పొద్దున. తళతళలాడే అమెరికా కార్ల మధ్య ఒక లేతపసుపు రష్యా కారు, ముందు బానెట్ మీద దూకబోతున్న జింక బొమ్మతో నిలబడి ఉంది. చూడగానే "అమ్మో, ఇది నా లెక్కల పుస్తకం!" అని పైకే అరిచేశాను. పక్కనున్నవాళ్ళు నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని ఉంటారు.

అరవనా మరి! సూర్యాపేటలో మా నాయిన తెలుగు సారు, పక్కా పార్టీ మనిషి. మా ఇంటికి రష్యా నుంచి తెలుగులో అచ్చయిన రంగుల పత్రిక వచ్చేది. ఆ కాగితం నున్నగా, మందంగా ఉండేది. బడి తెరిచే రోజుల్లో నాయిన పాత పత్రికలన్నీ విప్పి పిల్లలకు పంచేవాడు. మా బడిలో అందరి పుస్తకాలకూ అవే అట్టలు. నా సైన్సు పుస్తకం మీద అంతరిక్షంలో తేలే మనిషి, సాంఘికం మీద గోధుమ చేలు, లెక్కల మీద జింక బొమ్మ ఉన్న ఇదే కారు. బొమ్మ పైకి కనిపించేలా అట్ట వేయకపోతే నాయిన ఊరుకునేవాడు కాదు. లెక్కలు రాకపోతే ఆ కారును చూస్తూ కూర్చునేదాన్ని. చాలాసేపే కూర్చునేదాన్ని లెండి.

ఆ కారు ఒక ఖతరీ షేక్‌ది. దాన్ని చూసుకునేది ఒకప్పుడు సోవియట్ దేశంలోదే అయిన తాష్కెంట్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. తెల్లమీసాలు, పెద్ద నవ్వు. షేక్ అనుమతితో శుక్రవారాలు జనాన్ని ఎక్కించుకుని, దోహా వీధుల్లో తిప్పుతూ సోవియట్ కాలం కథలు చెబుతాడట. ఇంకేముంది, ఆ నెలలోనే అమ్మా నాయినా విజిటింగ్ వీసా మీద మా ఇంటికి వస్తున్నారు. నాయినను ఈ కారు ఎక్కించకపోతే నేను ఆయన బిడ్డనే కాదు!

ఒక్కటే భయం. వెస్ట్ బేలో మా ఆఫీసు వాళ్ళు అప్పటికే ఆ కారెక్కి వచ్చారు. రొట్టె కోసం క్యూలు, గోడలకు చెవులు, రాత్రికి రాత్రి మాయమైన మనుషులు, అన్నీ చెప్పి ఆ పెద్దాయన బాగా నవ్వించాడని తెగ మెచ్చుకున్నారు. నవ్వడానికి వాళ్ళకేం, బాగానే ఉంటుంది. మా నాయిన సంగతి వేరు. ఒకప్పుడు పార్టీ ఆయన్ను మాస్కో పంపే బృందంలో వేసింది. పాస్‌పోర్టు వచ్చింది, దర్జీ దగ్గర ఉన్నికోటు కూడా కుట్టించుకున్నాడు. తీరా బయలుదేరే లోపల ఆ దేశమే లేకుండా పోయింది. ఆ వార్త విన్న రోజున ఆయన బడికి పోలేదు, అన్నం ముట్టలేదు. ఇప్పటికీ టీవీలో ఎవరైనా రష్యా గురించి ఒక మాట తక్కువగా అంటే లేచి బయటికి పోతాడు. ఈ వయసులో ఎవరో డ్రైవరు నవ్వుతూ నవ్వుతూ ఆయన నమ్మకాన్ని విరిచేస్తే, నేను ఆ మనిషిని మళ్ళీ అతికించగలనా?

అందుకే ముందే తాష్కెంట్ పెద్దాయనకు ఫోన్ చేశాను. దోహాలో అందరం మాట్లాడుకునే ఆ కలగాపులగం హిందీలోనే చెప్పాను. "మా నాన్నగారు పెద్దవారు. క్యూలూ, జైళ్ళూ వద్దు. మంచి మాటలే చెప్పండి."

 ఆయన "మాఫీ ముష్కిల్, మేడం" అన్నాడు, ఇబ్బందేం లేదని అరబ్బీలో. హమ్మయ్య అనుకున్నాను.

అమ్మా నాయినా వచ్చాక మొదటి శుక్రవారం పొద్దున, పాత దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా ఇంటి ముందుకు కారు వచ్చి ఆగింది. మా సందే ఇరుకు, పైగా రెండు వైపులా బండ్లు. చాయ్ దుకాణం మలయాళీలు, సెలూన్ బెంగాలీలు ఫోన్లు పట్టుకుని బయటికి వచ్చేశారు. నాయిన మెట్లు దిగి వచ్చాడు. ఒంటి మీద ఏముందనుకున్నారు? మాస్కో కోటు! ఇన్నేళ్ళూ కలరా ఉండల మధ్య దాచిపెట్టిన ఆ కోటును సూట్‌కేసులో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు.

"గిదేం చలి నాయినా, చెమటలు పడ్తయ్" అన్నాను.

"పడనియ్ బిడ్డా" అన్నాడు. జింక బొమ్మను వేలితో నిమిరాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఈలోగా అమ్మ కొంగులోంచి నిమ్మకాయలు తీసి, గబగబా చక్రాల కింద పెట్టడం మొదలుపెట్టింది. నాయిన చూడనే చూశాడు.

"ఏందే అది? రష్యా బండికి నిమ్మకాయలా? పరువు తీస్తవా నాది!"

"బండి బండే గదా సారూ. రష్యాదైతే దానికి దిష్టి తగలదా? ఇంతమంది జూస్తున్నరు." అమ్మ ఊరందరిలాగే ఆయన్ను సారూ అనే పిలుస్తుంది, కాకపోతే ఎగతాళికి.

తాష్కెంట్ ఆయన విషయమేమిటని నన్ను అడిగి తెలుసుకుని, కడుపుబ్బ నవ్వాడు. "మా అమ్మయితే దిష్టికి పొగ వేసేది. పెట్టనివ్వండి" అన్నాడు. "యల్లా, పదండి!" అని కారు ముందుకు ఉరికించాడు. నిమ్మకాయలు పచక్ పచక్‌మని చితికిపోయాయి. సందంతా ఈలలు, చప్పట్లు! అమ్మ వెనక సీట్లో నా పక్కన మహారాణిలా కూర్చుంది. నాయిన ముందు సీట్లో, నిటారుగా.

అబ్బ, ఎంత బాగుందో ఆ ప్రయాణం! ఏసీ లేదు, కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. పక్కన పోయే పెద్ద పెద్ద బండ్లవాళ్ళు హారన్ కొట్టి చేతులు ఊపుతున్నారు. తాష్కెంట్ ఆయన పద్ధతి భలేగా ఉంది. దోహాలో ఒక్కో చోట ఆపి, ఆ దేశంలో ఒక్కో చోటును చూపిస్తాడు. ముషైరిబ్ మెట్రో స్టేషన్ ముందు ఆపి, మాస్కో మెట్రో గురించి చెప్పాడు. పాలరాయి స్తంభాలు, దీపాల గుత్తులు, కూలివాడు కూడా రాజభవనంలోంచి పనికి పోయేవాడట. వెస్ట్ బే టవర్ల కింద ఆపి, కార్మికులకు కట్టిచ్చిన ఇళ్ళ గురించి చెప్పాడు. బడి ఊరికే, ఆసుపత్రి ఊరికే, ఎండాకాలం పిల్లలకు సముద్రం ఒడ్డున శిబిరాలు. తెలంగాణలో చదువుకున్న మనిషి కదా, నాయినకు ఉర్దూ బాగా వచ్చు. తాష్కెంట్ ఆయన హిందీ మాటలు నేరుగా అర్థమవుతూనే ఉన్నాయి. నేను వెనక కూర్చుని లోపల్లోపల గంతులేస్తున్నాను. నా ప్లాను నడుస్తోంది!

కానీ వెస్ట్ బే దాటేసరికి నాయిన తల ఊపడం మానేశాడు. కార్నిష్ పక్కన, సముద్రానికి ఎదురుగా కారు ఆగింది. తాష్కెంట్ ఆయన మే డే ఊరేగింపుల గురించి మొదలుపెట్టాడు. నాయిన చేయెత్తి ఆపాడు.

"భాయిసాబ్, ఇదంతా నాకు తెలుసు. నేను పిల్లలకు చెప్పిన పాఠమే మీరు నాకు చెబుతున్నారు" అన్నాడు ఉర్దూలో. "మీ దేశం నుంచి మాకు పత్రిక వచ్చేది. దాని కాగితాలు చింపి పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం. ఇన్నేళ్ళూ నేను అట్టలే చూశాను. మీరక్కడ పుట్టారు. ఇకనైనా పుస్తకం చూపించండి."

తాష్కెంట్ ఆయన అద్దంలో నా వైపు చూశాడు. నాయిన ఆ చూపును పట్టుకున్నాడు. నా వైపు తిరిగాడు. "నువ్వే జెప్పినవా బిడ్డా, నాకు గివే జెప్పమని?"

 నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఔ నాయినా" అన్నాను. తర్వాత తాష్కెంట్ ఆయనతో "చెప్పండి" అన్నాను. 

ఆయన ఇంజిన్ ఆపేశాడు. ఈసారి నవ్వకుండా చెప్పాడు.

"మా తాత బడిపంతులు. ఒకరోజు క్లాసులో ఒక పిల్లాడు, 'పంతులుగారూ, దుకాణంలో చక్కెర ఎందుకు లేదు?' అని అడిగాడట. మా తాత నవ్వి, 'పత్రికలో చూడు, అందులో బోలెడుంది' అన్నాడట. ఆ మాట ఎవరో పైవాళ్ళకు మోశారు. పోలీసులు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. తిరిగి రాలేదు. అదే దేశం నాకు ఊరికే చదువు చెప్పింది, ఇందాక నేను చెప్పిన ఆ శిబిరానికి పంపి సముద్రం చూపించింది. ఆ దేశం ఎర్రజెండా దించిన రోజున మా నాన్న ఏడ్చాడు, సార్. తన తండ్రిని పోగొట్టుకున్న మనిషి. ఎందుకేడ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు."

 నాయిన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన లేచి బయటికి పోతాడని నేను తలుపు వైపే చూస్తున్నాను. పోలేదు. చేయి చాచి తాష్కెంట్ ఆయన చేయి పట్టుకున్నాడు. ఆ ముసలివాళ్ళిద్దరూ అట్లా సముద్రం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. అమ్మ మాత్రం సంచీలోంచి సకినాలు తీసి ఇద్దరికీ పెట్టింది. "తిను అన్నా, తిను" అని ఆయనకు తెలుగులోనే చెప్పింది. ఆయన తిన్నాడు, ఇంకోటి అడిగి తిన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు నాయిన ఆగకుండా ప్రశ్నలు వేశాడు. ఆ తాత ఏ పాఠం చెప్పేవాడు? చక్కెర ఎప్పుడొచ్చింది? క్యూలో నిలబడి జనం ఏం మాట్లాడుకునేవారు? అంత హుషారుగా ఆయన్ను నేను ఎన్నడూ చూడలేదు. ఒక గంట అనుకున్నది మధ్యాహ్నం దాకా సాగింది. నేను మాత్రం, విరిగిపోతాడని నేను భయపడ్డ మనిషి ఈయనేనా అని వెనక సీట్లోంచి ఆయన మెడనే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నాయిన పార్టీ దోస్తు, ఆయనతో పాటు బడిలో పనిచేసిన సారే; గల్ఫులో ఏ దేశమైనా ఆ సారుకు దుబాయే. స్పీకర్‌లో పెట్టి మాట్లాడుకుంటున్నారు.

"ఏం సారూ, దుబాయ్‌ల ఏం జూసినవ్?"

"రష్యా కారెక్కిన" అన్నాడు నాయిన.

"అబ్బో! ఎట్లున్నది?"

 నేను వంటింట్లోంచి తొంగి చూశాను. నాయిన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"నా క్లాసుల ఒక పోరడుండె, యాదికున్నడా?" అన్నాడు. "రష్యాల తప్పులే లేవా సారూ అని అడిగిండు. నేను బెంచీ ఎక్కిచ్చి బడి ఇడిసేదాంక నిలవెట్టిన. వాడిప్పుడు యాడున్నడో జర కనుక్కో. వచ్చినంక వాళ్ళింటికి పోవాలె."