నాయుడుగారి బండిలో గేరెక్కడ?

2022లో, ఎండలు ముదరక ముందు, అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనకున్న మా లేత్ షాపు ముందుకి ఒక మినీ లారీ వచ్చి ఆగింది. దాని మీద టార్పాలిన్ కప్పి ఏదో పొడుగ్గా, సన్నగా కనిపించింది. పడవేమో అనుకున్నాను.

లారీ దిగినాయన పేరు రమణ. వాళ్ళది నక్కపల్లి దగ్గర పల్లె, పరవాడలో కంపెనీ బస్సు నడుపుతాడు. "మస్తాన్ భాయ్, ఇది మా నాన్న సేసిన కారు" అని టార్పాలిన్ లాగేడు. నాకు నవ్వొచ్చింది. ఎదుట మనిషి మొహం చూసి ఆపుకున్నాను.

చెక్క ఛాసిస్, అంటే బండికి వెన్నెముకలాంటి చట్రం, టేకు దూలాలతో చేసింది. ముందు ఒక పాత మోటార్ సైకిల్ ఇంజను. నాలుగూ సన్నటి చక్రాలు. సీట్లు పక్కపక్కన కాదు, ఒకదాని వెనక ఒకటి. స్టీరింగేమో వెనక సీటుకుంది! ముందు కూర్చున్నవాళ్ళు ఊరికే దారి చూసుకుంటూ పోవాలన్నమాట.

ఇలాంటివాటిని సైకిల్‌కార్ అంటారు. వందేళ్ళ కిందట, కారు కొనే తాహతు లేనివాళ్ళ కోసం ఫ్రాన్సులో, ఇంగ్లండులో మోటార్ సైకిల్ ఇంజనుతో ఇలాంటి తేలిక బండ్లు కట్టేవారు. వాటితో పందేలు కూడా ఆడేవారు. రమణ వాళ్ళ నాన్న అప్పలనాయుడుగారు చెరుకు గానుగ నడిపే రైతు. ఎక్కడో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి, గానుగ బెల్టు, గానుగ పుల్లీలు పెట్టి తన బండి తనే కట్టుకున్నాడు. గానుగలో చెయ్యి నలిగేదాకా దాని మీదే తిరిగేడు; అప్పటికి రమణ పసివాడు. ఆయన పోయి చాన్నాళ్ళయింది.

"వైజాగులో పాత కార్ల ఊరేగింపుంది భాయ్. ఇంట్లో సేసిన బండ్లకీ చోటిత్తారంట. బీచ్ రోడ్డు మీద అందరితో సమంగా నడిచి, చివర్న ఎత్తెక్కాలి. మధ్యలో ఆగితే పక్కకి తోసేత్తారు."

"ఆగితే ఆగింది. ఇంటికి తీసుకుపో" అన్నాను.

రమణ నేల చూపులు చూసేడు. "ఇంటికి కాదు, పాత ఇనుము కొట్టుకెళ్ళిపోద్ది. ఆ షెడ్డు పీకేసి ఇల్లు కట్టాలని మా అన్నయ్య కూకున్నాడు. నడిత్తే వరండాలో ఉంచుతాను, లేకపోతే తూకానికి ఇచ్చేత్తానని తేల్చి సెప్పేసేడు. మా ఊళ్ళో ఇప్పటికీ దీన్ని పిచ్చినాయుడి బండంటారు భాయ్. పెళ్ళాన్ని బెల్లం దిమ్మలా ముందు కూకోబెట్టి, తాను ఎనకాల దాక్కునేవోడని నవ్వుతారు."

నా చేతికొచ్చిన బండి నడవకుండా పోవడం ముప్పయ్యేళ్ళలో జరగలేదు. ఆ మాటే చెప్పి బండి దింపించేను. గొప్పకి కాదు, ఉన్నమాటే. ఇంజను సంగతి నాలుగు రోజుల్లో తేలిపోయింది. పిస్టన్ రింగులు మార్చి, కార్బురేటర్ కడిగి కిక్ కొడితే రెండో దెబ్బకి అందుకుంది. మార్కెట్లో కూలీలు మూటలు దించేసి మరీ వచ్చి చూసేరు.

చిక్కు గేర్ల దగ్గరొచ్చింది.

ఇంజను నుంచి చైను ఒక అడ్డ షాఫ్టుకెళ్తుంది. దాని కుడి కొసన, ముందు సీటు పక్కనే, ఒకదాన్నానుకుని ఒకటి రెండు పుల్లీలు, చిన్నదీ పెద్దదీ. వాటిలో ఏదో ఒకదాని మీంచి పట్టా బెల్టు వెనక చక్రం డ్రమ్ముకెళ్తుంది. బెల్టు పెద్ద పుల్లీ మీదుంటే వేగం, చిన్నదాని మీదుంటే బలం. డ్రైవరు చేతి దగ్గర ఒక లీవరుంది. అది వదిలితే వెనక ఇరుసు ముందుకి జరిగి బెల్టు వదులవుతుంది. అదే క్లచ్. లాగితే మళ్ళీ బిగుస్తుంది. ఇంతవరకూ శభాష్ నాయుడుగారూ అనుకున్నాను.

మరి నడుస్తున్న బండిలో బెల్టుని ఆ పుల్లీ నుంచి ఈ పుల్లీకి మార్చేదెలాగ? డ్రైవరు కూర్చునేది నాలుగడుగుల వెనక. అక్కణ్ణుంచి చెయ్యందదు. దానికో రాడ్డు లేదు, తీగ లేదు, అవి ఉండే కన్నం కూడా లేదు. పది రోజులు బండి కింద పడుకుని వెతికేను. దిగి చేత్తో మార్చుకునేవాడేమో అని నిర్ణయించేసేను. వైజాగులో దిగితే బండి ఆగినట్టే కదా!

"రమణా, ఇక్కడ మీ నాన్న లెక్క తప్పేడు. ఆటోరిక్షా గేర్‌బాక్సు పెట్టేస్తాను" అన్నాను.

"ఊరేగింపుకొచ్చే బండిలో మార్పులు సెయ్యకూడదంట భాయ్."

"పైకి కనపడనివ్వను. సీటు కింద దాచేస్తాను. ఎవడు వంగి చూస్తాడు?"

"అమ్మతో ఓ మాట సెప్పొత్తాను" అని రమణ వెళ్ళిపోయేడు. ఆ దొంగబుద్ధి నాదే. మర్నాడు మధ్య దూలం మీద రంపం పెట్టేను. వేలు మందం కూడా దిగలేదు, షాపు ముందు ఆటో ఆగి ఒక పెద్దావిడ దిగింది. వెనకాలే రమణ. వాళ్ళమ్మ సింహాచలమ్మ. డెబ్బై దాటేయి, నడక మాత్రం చురుకు.

"ఆగు బాబూ, ఏటి సేత్తన్నావు?"

"గేర్లు పెడుతున్నానమ్మా. మీ ఆయన పెట్టడం మర్చిపోయేరు."

"మరిసిపోనేదు. నా కర్రేదీ?"

నేను రమణని చూసేను. రమణ నన్ను చూసేడు. ఆవిడ మమ్మల్ని పట్టించుకోకుండా షాపంతా కలియజూసి, తిన్నగా గుమ్మం దగ్గరకెళ్ళింది. అక్కడ ఎండకి కట్టిన టార్పాలిన్‌కి నేనే ఒక పంగకర్ర ఆసరా పెట్టేను. చివర తోలు చుట్టి ఉంది, ముందు సీటు కింద దొరికింది. పనికొస్తుంది కదాని వాడేసుకున్నాను. ఆవిడ దాన్ని ఒక్క గుంజు గుంజింది. టార్పాలిన్ దబ్బున నా నెత్తి మీద పడింది.

నేను బయటపడేసరికి ఆవిడ చెప్పులు విడిచి, ముందు సీట్లో కూర్చుని, కర్ర పంగని బెల్టుకి ఆనించి ఉంది. "మీ నాన్న ఎనకాల లీవరు ఒగ్గేవోడు, నాను బెల్టు నెట్టేదాన్ని. ఆయన కాలితో నా సీటు ఒకసారి తడితే సిన్న సక్రం, రెండుసార్లు తడితే పెద్దది. అంతే గదా!"

రమణ ముందు సీటు దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు ఊరికే కూకునేదానివనుకున్నాను."

"ఊరికే కూకుంటానికి నానేటన్నా బెల్లం దిమ్మనా? సగం బండి నానే నడిపేను. ఆయన అందరికీ సెప్పేవోడు, ఎవులూ ఇన్నేదు. తరవాత నన్నెవులూ అడగనేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. పుల్లీ పక్కనే సీటుంటే, ఆ సీట్లో మనిషి ఉంటే, ఆ మనిషికి రెండు చేతులుంటాయని పది రోజుల్లో ఒక్కసారైనా తట్టలేదు. రంపం తీసి గోడకి తగిలించేసేను.

ఆదివారం పొద్దున్నే రోడ్డు మీదకి తీసేం. మొదటిసారి రమణ లీవరు ఆలస్యంగా వదిలేడు, బెల్టు ఊడి కిందపడింది. "బస్సు కాదురా ఇది! నాను నెట్టేటప్పుడు ఒగ్గాలి" అని ఆవిడ వెనక్కి తిరక్కుండానే కేకలేసింది. అయిదోసారికి కుదిరింది. ఆరోసారికి ఆవిడ నవ్వింది.

వైజాగులో బీచ్ రోడ్డంతా జనం. మా ముందు పెద్ద పెద్ద పాత కార్లు తళతళలాడుతూ పోతున్నాయి. వాటి వెనక, కళ్ళజోడు పెట్టుకుని, కొంగు బిగించి, కర్ర పట్టుకుని సింహాచలమ్మ. నేను ముందే వెళ్ళి ఎత్తు దగ్గర నిలబడ్డాను. ఎత్తు మొదలవగానే ఇంజను గొంతు బరువెక్కింది. జనాన్ని చూసి రమణ తడబడ్డాడు, సీటు తట్టడమే మర్చిపోయేడు. బండి నెమ్మదించింది. ఇంకో రెండు గజాలు పోతే ఆగిపోతుంది.

"ఒగ్గరా!" అని ఒక్క కేక వినిపించింది.

రమణ చెయ్యి దానంతటదే లీవరు వదిలింది. కర్ర కదిలింది, బెల్టు చిన్న పుల్లీ మీదకి జారింది, రమణ లీవరు లాగేడు. ఇంజను టకటకమంటూ బండిని పైకి లాక్కుపోయింది. నేను ఈలేసేనో అరిచేనో గుర్తులేదు, పక్కనున్న పోలీసాయన మాత్రం నన్ను వెనక్కి నెట్టేడు.

నేను పైకి చేరేసరికి తనిఖీకొచ్చినాయన బండి కిందకి వంగి టార్చి వేసి మరీ వెతికేడు. చూడండి, వంగి చూసేవాడు ఉంటాడు! "గేర్‌బాక్సు ఎక్కడ దాచేరు?" అని నన్నే అడిగేడు. నేను ఛాతీ విరిచి ముందు సీటు చూపించేను. ఆవిడ కర్ర పైకెత్తి ఊపింది. ఆయన ఆ కర్రనీ బెల్టునీ మార్చి మార్చి చూసి, రెండు చేతులూ జోడించేడు.

ఆ రోజు నుంచి మా షాపులో ఒక పద్ధతి మారింది. ఏ బండి వచ్చినా, నడిపేవాడు చెప్పింది విన్నాక, పక్కన ఎవరు కూర్చుంటారని అడుగుతాను. వీలైతే వాళ్ళని రమ్మంటాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. శబ్దం ఎప్పుడు మొదలైందో, ఏ గుంతలో మారిందో చాలాసార్లు వాళ్ళకే తెలుస్తుంది.

బండి ఇప్పుడు రమణ వాళ్ళ అన్నయ్య కొత్తింటి వరండాలో ఉంది. మధ్య దూలం మీద నా రంపం గాటు పూడ్చమని రమణ అడిగేడు. నేనే వద్దన్నాను. నేనింత మొనగాణ్ణి అని నాకు మరీ ఎక్కువగా అనిపించినప్పుడు నక్కపల్లి వైపు వెళ్ళి ఆ గాటు మీద వేలు పెట్టి చూసుకుంటాను. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కర్ర తీసుకుని బయటికొస్తుంది. "కూకో మస్తానూ, ఓ సుట్టేసి వద్దాం" అంటుంది. నేను వెనకాల కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటాను. బండి ఆవిడ నడుపుతుంది.